పిల్లల వాటాకి అమ్మ సంతకం సరిపోతుందా?

పాత లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఇంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో చూపే దస్తావేజులు, తిరగేస్తుంటే ఈ తరహా వాక్యం తరచూ తగులుతుంది: "మైనర్లయిన నా పిల్లల తరఫున, వారి తల్లిని, గార్డియన్‌ని అయిన నేను, మైనర్ల పోషణ నిమిత్తం, చదువుల నిమిత్తం, కుటుంబ అవసరాల నిమిత్తం..." కింద తల్లి సంతకమో వేలిముద్రో ఉంటుంది, పక్కన ఇద్దరు సాక్షులుంటారు, ఆ ఇద్దరిలో ఒకరు పిల్లల బాబాయో మేనమామో అయి ఉంటారు. రిజిస్ట్రేషన్ అయిపోయింది, డబ్బు చేతులు మారింది, కొన్నవాళ్లు ఇల్లు కూడా కట్టేసుకున్నారు. కొన్నేళ్ల తర్వాత అదే స్థలం మీద లోన్ కోసం బ్యాంకుకి వెళ్తే, కాగితాలు చూసిన లాయర్ ఆ వాక్యం దగ్గరే ఆగిపోయి అడుగుతాడు: మైనర్ల వాటా అమ్మడానికి కోర్టు పర్మిషన్ ఆర్డర్ ఏది?

చాలా ఇళ్లలో ఆ ఆర్డర్ ఉండదు. ఎందుకంటే అలాంటిదొకటి కావాలని అప్పట్లో ఎవరూ చెప్పలేదు. తండ్రి పోయాడు, పిల్లలు చిన్నవాళ్లు, తల్లి ఉంది కదా, ఆమె సంతకం పెట్టింది కదా, ఇంకేం కావాలి అనుకున్నారు. మోసం చేద్దామని చేసినవాళ్లు కొందరుంటారు గానీ, తెలియక చేసినవాళ్లే ఎక్కువమంది అనిపిస్తుంది ఆ కాగితాలు చూస్తుంటే.

అసలు పిల్లలకి వాటా ఎప్పుడు వస్తుందో ముందు చూద్దాం, సగం గందరగోళం అక్కడే ఉంది. ఒకాయనకి సొంతంగా సంపాదించిన నాలుగెకరాల పొలం, ఊళ్లో ఒక ఇల్లు ఉన్నాయనుకోండి. వీలునామా రాయకుండా పోయాడు. వెనక భార్య, పదహారేళ్ల కూతురు, పదకొండేళ్ల కొడుకు, ముసలి తల్లి ఉన్నారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఈ నలుగురూ మొదటి తరగతి వారసులే, నలుగురికీ సమానంగా ఒక్కో ఎకరం, ఇంట్లో నాలుగో వంతు. ముసలావిడ వాటా సంగతి చాలామందికి తట్టదు, కొడుకు ఆస్తిలో తల్లికి కూడా భార్యాబిడ్డలతో సమానంగా వస్తుంది. ఈ వాటాలు ఆయన పోయిన క్షణానే వచ్చేశాయి. పాస్‌బుక్కులో పేరు మారిందా, విరాసత్ (వారసుల పేరిట రికార్డు మార్పు) అయిందా, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చేతికొచ్చిందా అన్నవి తర్వాతి కాగితాల పనులు. పిల్లలు పెద్దయ్యాక వాళ్లకి "ఇస్తాం" అనే మాటే తప్పు, అది ఇప్పటికే వాళ్లది. పెద్దవాళ్లు చేస్తున్నది కాపలా మాత్రమే.

బ్యాంకులో నామినీగా ఒకరి పేరుందని ఆ డబ్బంతా వాళ్లదే అనుకోవడం ఇంకో పొరపాటు. మామూలుగా నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, అందుకుని వారసులకి పంచాల్సిన మనిషి. జీవిత బీమాలో 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే లెక్క కొంత మారింది గానీ, బాబాయి పేరు నామినీగా ఉంది కాబట్టి డిపాజిట్ బాబాయిది అనే వాదన మాత్రం నిలబడదు.

ఇక ఆ పిల్లల ఆస్తికి గార్డియన్ ఎవరు? హిందువులకి దీని మీద ప్రత్యేక చట్టం ఉంది, 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం. అందులో 6వ సెక్షన్ ప్రకారం తండ్రి, "ఆయన తర్వాత" తల్లి సహజ సంరక్షకులు. ఈ "తర్వాత" అనే మాట మీదే పెద్ద కేసు నడిచింది. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరిట రిజర్వ్ బ్యాంక్ బాండ్లు కొనడానికి దరఖాస్తు పెడితే, తండ్రి సంతకం కావాలని వెనక్కి పంపారు. తండ్రి బతికుండగా తల్లి గార్డియన్ ఎలా అవుతుంది అన్నది వాళ్ల లెక్క. 1999లో సుప్రీంకోర్టు, ఆ మాటకి అర్థం తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదు, తండ్రి ఏ కారణం వల్లనైనా బాధ్యత చూడని స్థితిలో ఉన్నా తల్లే గార్డియన్ అని చెప్పింది. తండ్రి పోయిన ఇంట్లో ఈ గొడవే లేదు, తల్లే సహజ సంరక్షకురాలు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ హక్కు పోతుందని ఊళ్లో పెద్దమనుషులు బెదిరిస్తుంటారు, పోదు. మతం మారితేనో, సన్యాసం తీసుకుంటేనో పోతుందని చట్టంలో ఉంది, మళ్లీ పెళ్లి సంగతి ఆ జాబితాలో లేదు. ఆ రెండో భర్త మాత్రం పిల్లలకి సహజ సంరక్షకుడు కాలేడు, సవతి తండ్రినీ సవతి తల్లినీ చట్టం పేరుపెట్టి మరీ పక్కన పెట్టింది.

తాతయ్య, పెదనాన్న, బాబాయి, మేనమామ, వీళ్లెవరూ ఆ జాబితాలో లేరు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే పిల్లల్ని పెంచేది సాధారణంగా వీళ్లే. అన్నం పెట్టేదీ, స్కూలుకి పంపేదీ వీళ్లే. అయినా ఆస్తి దగ్గరికొచ్చేసరికి చట్టం చాలా కటువుగా ఉంటుంది. 11వ సెక్షన్ ఏమంటుందంటే, పిల్లల్ని సాకుతున్నాను కాబట్టి గార్డియన్‌ని అనుకుని ఎవరూ మైనర్ ఆస్తిని అమ్మడం గానీ, దాని మీద లావాదేవీలు చేయడం గానీ కుదరదు. తల్లి కోర్టు అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం పిల్లలు కాదనేదాకా నిలబడుతుంది, బాబాయి అమ్మితే మొదటి రోజు నుంచే చెల్లదు. ఈ రెంటికీ మధ్య తేడా చిన్నది కాదు, కింద మళ్లీ వస్తుంది. కాబట్టి తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లల విషయంలో, తండ్రో తల్లో వీలునామాలో గార్డియన్‌ని పెట్టకపోయి ఉంటే, 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో పిటిషన్ వేసి గార్డియన్‌గా ఆర్డర్ తెచ్చుకోవడమే దారి. హైదరాబాద్ అయితే సిటీ సివిల్ కోర్టు. ప్రేమగా పెంచుతున్న మేనమామకి ఇది అవమానంగా అనిపించొచ్చు, "నా మీద నమ్మకం లేదా" అని. నమ్మకానికీ దీనికీ సంబంధం లేదు, రేపు కౌలుదారు డబ్బు ఎగ్గొడితే నోటీసు ఇవ్వాలన్నా ఎవరి పేరున ఇవ్వాలనే ప్రశ్న వస్తుంది.

సరే, గార్డియన్ తల్లే అనుకుందాం. ఆమె ఏమేం చేయొచ్చు? పొలం కౌలుకివ్వొచ్చు, అద్దెలు వసూలు చేయొచ్చు, ఇల్లు కారుతుంటే స్లాబు బాగు చేయించొచ్చు, పన్నులు కట్టొచ్చు, ఆక్రమణ జరిగితే కేసు వేయొచ్చు, పిల్లల చదువుకీ వైద్యానికీ ఆ ఆదాయంలోంచి ఖర్చు పెట్టొచ్చు. 1956 గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ భాషలో చెప్పాలంటే మైనర్‌కి మేలు జరిగే, లేదా ఆస్తిని కాపాడే, ఆస్తికి లాభం చేకూర్చే పనులన్నీ చేయొచ్చు, అవి అవసరమో సబబో అయి ఉంటే చాలు. అదే సెక్షన్ రెండో భాగంలో గీత గీసేసింది: మైనర్ స్థిరాస్తిని అమ్మడం, తనఖా పెట్టడం, దానం చేయడం, మార్పిడి చేయడం, వీటిలో ఏది చేయాలన్నా ముందుగా కోర్టు అనుమతి ఉండాలి. "ముందుగా" అన్న మాట గమనించాలి. అమ్మేసి, తర్వాత వెళ్లి ఆమోదించండి అంటే కుదరదు.

లీజు దగ్గర ఒక లెక్క ఉంది, అది చాలామందికి తెలియదు. అయిదేళ్లకి మించి లీజు ఇవ్వాలంటే అనుమతి కావాలి, అలాగే పిల్ల మేజర్ అయ్యాక ఏడాది దాటి నడిచే లీజుకీ అనుమతి కావాలి. మన ఉదాహరణలో కొడుక్కి పదకొండేళ్లు, అతని వాటా అయిదేళ్లకి ఇస్తే ఇబ్బంది లేదు. కూతురికి పదహారు, ఆమెకి 19 నిండేదాకానే ఇవ్వగలరు, అంటే మూడేళ్లు. పొలం ఒకటే, హద్దులు పడలేదు, కాబట్టి ఆచరణలో లీజు మొత్తం మూడేళ్లకే కట్టుబడుతుంది. ఇంటి డాబా మీద సెల్ టవర్ పెట్టుకుంటామని కంపెనీ వాళ్లు చాలా ఏళ్ల అగ్రిమెంట్ పట్టుకొస్తారు, నెలనెలా అద్దె వస్తుందంటే ఎవరు కాదంటారు, ఆ ఇంట్లో మైనర్ వాటా ఉందన్న సంగతి మాట్లాడుకునేవాళ్లే ఉండరు.

బంగారం, షేర్లు, బ్యాంకు డిపాజిట్లు చరాస్తి కిందికొస్తాయి, వాటికి ఈ ముందస్తు అనుమతి నిబంధన లేదు. అంటే ఇష్టమొచ్చినట్టు వాడుకోమని కాదు, పిల్లల మేలు కోసమే అన్న షరతు అక్కడా ఉంటుంది. తండ్రి చేయించిన నగల్లో పిల్లల వాటాని తాకట్టు పెట్టి ఆ డబ్బు సొంత తమ్ముడి వ్యాపారంలో పెడితే, కోర్టు పర్మిషన్ అక్కర్లేని పనే అయినా అది గార్డియన్ చేయకూడని పనే.

తల్లి తన సొంత వాటా అమ్ముకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. నాలుగెకరాల్లో ఒక ఎకరం ఆమెది, ముసలావిడ ఎకరం ముసలావిడది. చిక్కంతా పిల్లల రెండెకరాల దగ్గరే. కొనేవాడు మాత్రం నాలుగూ కలిపి ఒకే దస్తావేజులో కావాలంటాడు, దస్తావేజు రాసేవాళ్లు పాత నమూనాలోంచి ఆ "మైనర్ల పోషణ నిమిత్తం" వాక్యం దించేస్తారు. ఆ వాక్యం ఎంత బాగా రాసినా కోర్టు ఆర్డర్‌కి బదులు కాదు. "మైనర్లు మేజర్లయ్యాక వారిచేత కూడా సంతకం పెట్టిస్తాను, ఏ తకరారు వచ్చినా నేనే బాధ్యత వహిస్తాను" అని ఇంకో వాక్యం ఉంటుంది, అదీ అంతే. ఆ మాట తల్లిని కట్టిపడేస్తుంది గానీ పిల్లల్ని కాదు, గార్డియన్ ఇచ్చిన హామీతో మైనర్‌ని వ్యక్తిగతంగా కట్టిపడేయడం కుదరదని చట్టంలోనే ఉంది.

పేరు మార్చి చేసే పనులు కూడా ఉన్నాయి. అన్నదమ్ముల ఇళ్లలో ఎక్కువగా జరిగేది రిలీజ్ డీడ్. "వదినా, నువ్వూ పిల్లలూ హక్కు వదులుకున్నట్టు రాసివ్వండి, ఆ పిల్లల పెళ్లిళ్లు నేను చూసుకుంటా" అంటాడు మరిది. అది రిలీజ్ అనుకున్నా, సెటిల్‌మెంట్ అనుకున్నా పిల్లల వాటా చేతులు మారుతోంది, కోర్టు అనుమతి లేకపోతే అదే చిక్కు. పారికత్తు, అంటే పంపకం దస్తావేజు, కొంచెం వేరు. పంపకంలో తల్లి పిల్లల తరఫున సంతకం పెట్టొచ్చు, అది సమంగా ఉన్నంతకాలం నిలబడుతుంది. కానీ బావి ఉన్న ముక్క ఒకరికీ, రోడ్డుకి దూరంగా ఉన్న చౌడు ముక్క పిల్లలకీ వచ్చేలా పంచితే, పెద్దయ్యాక ఆ పిల్లలు మొత్తం పంపకాన్ని తిరగదోడొచ్చు. ఇక అప్పటికే కేసు కోర్టులో ఉండి, రాజీ కుదుర్చుకుంటే, మైనర్ తరఫున చేసే రాజీకి ఆ కోర్టే అనుమతి ఇవ్వాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ 7వ రూల్ అదే చెబుతుంది.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పవుతుంది, ఎందుకంటే దీన్ని పట్టుకునే చాలా వాదనలు నడుస్తాయి. పూర్వీకుల నుంచి వచ్చి ఇంకా పంపకం కాని ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మైనర్‌కి ఉన్న వాటాకి ఈ 8వ సెక్షన్ వర్తించదు. అక్కడ కుటుంబ యజమాని, అంటే కర్త, కుటుంబ అవసరాల కోసం అమ్మితే కోర్టు అనుమతి అక్కర్లేదని 1996లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అవసరం నిజమైనదా కాదా అని తర్వాత కొట్లాడుకోవచ్చు, అది వేరే సంగతి. దీన్ని ఆసరా చేసుకుని ప్రతి ఆస్తినీ "ఉమ్మడి ఆస్తి" అనేస్తుంటారు. తండ్రి సొంతంగా సంపాదించినది 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్యాపిల్లలకి వస్తే అది ఎవరి వాటా వారికి విడి ఆస్తి, 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా అదే. మన ఉదాహరణలోని నాలుగెకరాలు ఈ రెండో రకం. కాబట్టి అమ్మే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న పిల్లల వయసు గురించి కాదు, ఈ ఆస్తి చనిపోయినాయనకి ఎలా వచ్చింది అన్నది.

కోర్టు అనుమతి అనగానే టెన్షన్ పడతారు, ఏళ్లు పడుతుంది, లాయర్ ఫీజులు, తిప్పుతారు అని. ఆ భయంలో నిజం లేకపోలేదు. ఆస్తి ఉన్న ప్రాంతం ఏ కోర్టు పరిధిలోకొస్తే అక్కడ పిటిషన్ వేయాలి. పిల్లల వయసు రుజువులు, మరణ ధ్రువీకరణ, ఆస్తి కాగితాలు, మార్కెట్ విలువ, ఎందుకు అమ్మాల్సి వస్తోంది, వచ్చిన డబ్బు ఏం చేస్తారు, ఇవన్నీ చెప్పాలి. బంధువులకి నోటీసు ఇచ్చి వాళ్ల మాట కూడా వినే అధికారం కోర్టుకి ఉంది. జడ్జి చూసేది రెండే: ఇది తప్పనిసరి అవసరమా, లేక పిల్లలకి కళ్లకి కట్టినట్టు కనిపించే లాభమా. "అమ్మేసి ఆ డబ్బుతో ఊరి బయట ప్లాట్ కొంటే రేటు పెరుగుతుంది" లాంటి ఊహలు చాలవు. తండ్రి చేసిన అప్పుకి వడ్డీ పెరిగిపోతోంది, పొలం ఆదాయం దానికి చాలడం లేదు, ఒక ఎకరం అమ్మితే మిగతాది నిలబడుతుంది అంటే అది వేరు. అప్పు విషయంలో కూడా ఒక మాట: తండ్రి అప్పులకి ఆయన వదిలిన ఆస్తి మేరకే బాధ్యత, పిల్లలు పెద్దయ్యాక సంపాదించుకునే జీతం మీదికి ఆ అప్పులవాళ్లు రాలేరు. ఇది తెలియక ఇంటి గుమ్మంలో అరిచిన మొదటివాడికి భయపడి పొలం రాసిచ్చేసిన తల్లులు ఎందరో.

అనుమతి ఇచ్చినా కోర్టు ఊరికే ఇవ్వదు. వేలంలో ఎక్కువ పాడినవాడికే అమ్మాలని, తాను చివరగా ఒప్పుకుంటే తప్ప అమ్మకం పూర్తి చేయొద్దని, పిల్లల వాటా డబ్బు కోర్టులో జమ చేయాలని షరతులు పెట్టే అధికారం 1890 చట్టం 31వ సెక్షన్‌లో ఉంది. ఆ డబ్బు సాధారణంగా పిల్లల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో మేజర్ అయ్యేదాకా పడి ఉంటుంది. రోడ్డు ప్రమాదంలో తండ్రి పోయి నష్టపరిహారం వచ్చిన ఇళ్లలో ఇది ఇప్పటికే అనుభవం, మైనర్ల డబ్బు కనీసం మేజర్ అయ్యేదాకా దీర్ఘకాల డిపాజిట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 1994లోనే మార్గదర్శకాలిచ్చింది. చదువుకో ఆపరేషన్‌కో మధ్యలో కావాలంటే మళ్లీ పిటిషన్ వేసి తీసుకోవాలి. విసుగే. కాకపోతే ఆ ఆర్డర్ కాపీ తల్లికే రక్షణ, రేపు కొడుకో అల్లుడో "మా ఆస్తి ఏం చేశావు" అని నిలదీసిన రోజున చూపించడానికి అంతకంటే గట్టి కాగితం ఉండదు.

ఇప్పుడు లెక్కల సంగతి, నిజానికి గార్డియన్ బాధ్యతలో రోజూ ఉండేది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. 1890 చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మామూలు తెలివున్న మనిషి తన సొంత ఆస్తిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో గార్డియన్ మైనర్ ఆస్తిని అంత జాగ్రత్తగా చూడాలి. 20వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, గార్డియన్ ఆ హోదాని వాడుకుని తాను లాభం పొందకూడదంది. పిల్లల పొలం తక్కువ కౌలుకి తానే చేసుకోవడం, పిల్లల స్థలం తమ్ముడి పేరిట చవగ్గా కొనిపించడం, పిల్లల డబ్బు వాడుకుని "తర్వాత ఇచ్చేస్తాలే" అనుకోవడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. చేత్తో పట్టుకున్న సొమ్మంతా తనదే అన్నట్టు వాడేస్తే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసుకీ దారి ఉంది.

లెక్క రాయడం అంటే పెద్ద అకౌంటెంట్ పని కాదు, ఒక వంద పేజీల నోటుబుక్కు చాలు. మన ఉదాహరణలోని కుటుంబానికి కౌలు ఎకరాకి 30 వేలనుకోండి, నాలుగెకరాలకి లక్షా 20 వేలు, అందులో పిల్లలిద్దరిదీ 60 వేలు. ఎడమ పేజీలో తేదీ వేసి అది రాయాలి. కుడి పేజీలో ఇద్దరి స్కూలు ఫీజు 45 వేలు, రసీదు వెనక పిన్ను. ఇంటి పన్నులో పిల్లల సగం వాటా, మోటారు రిపేరులో సగం, ఇలా మరో 5 వేలు. మిగిలిన 10 వేలు పిల్లల పేరిట ఉన్న ఖాతాల్లోకి వెళ్లాలి, తల్లి ఖాతాలోకి కాదు. అంతే. ఇంట్లో అందరూ ఒకే వంట తింటారు, బియ్యం బస్తాలో పిల్లల వంతు ఎంత అని తూచమని ఎవరూ అడగరు. కానీ పిల్లల డబ్బు వచ్చిన ఖాతా, ఇంటి ఖర్చు నడిచే ఖాతా ఒకటే అయితే అయిదేళ్ల తర్వాత ఏది ఎవరిదో రాసినవాళ్లకే తెలియదు. పిల్లల ఖాతా వడ్డీకి ఆదాయపన్ను మాటకొస్తే, వారసత్వంగా వచ్చిన ఆస్తి మీదిదైనా మైనర్ ఆదాయాన్ని మామూలుగా తల్లి లేదా తండ్రి ఆదాయంలోనే కలుపుతారు, వ్యవసాయ ఆదాయం వేరు. తల్లికి ఉద్యోగం ఉంటే ఈ సంగతి ముందే చూసుకోవడం మంచిది.

చట్టంలో ఇక్కడే ఒక పెద్ద సందు ఉంది. కోర్టు నియమించిన గార్డియన్‌ని కోర్టు ఎన్నో అడగొచ్చు: పూచీకత్తు బాండు రాయించుకోవచ్చు, ఏ స్థిరాస్తి ఉంది, ఎంత నగదు, ఎన్ని అప్పులు అని ఆరు నెలల్లోపు జాబితా ఇమ్మనొచ్చు, ఎప్పటికప్పుడు లెక్కలు దాఖలు చేయమని, మిగులు జమ చేయమని ఆదేశించొచ్చు. తల్లో తండ్రో సహజ గార్డియన్ అయితే ఏటా ఎవరికీ లెక్క చూపించాల్సిన ఏర్పాటు లేదు. పిల్లలు పెద్దయి అడిగితేనే. పోనీ కోర్టు గార్డియన్ జాబితా ఇవ్వలేదు, లెక్కలు చూపలేదు అనుకుందాం, 45వ సెక్షన్ ప్రకారం జరిమానా 100 రూపాయలు! మొండికేస్తే రోజుకి 10, అన్నీ కలిపి 500 దాటకూడదు. 1890లో వంద రూపాయలంటే పెద్ద మొత్తమే, ఇవాళ అది ఇద్దరు తినే టిఫిన్ ఖర్చు. దారికి వచ్చేదాకా సివిల్ జైలులో పెట్టే అధికారం, గార్డియన్‌ని తొలగించే అధికారం కూడా ఉన్నాయి కాబట్టి చట్టం పూర్తిగా కోరలు పీకిన పాము కాదు గానీ, ఆ అంకెని ఇన్నేళ్లుగా ఎవరూ ముట్టుకోకపోవడం చూస్తే పిల్లల ఆస్తి ఎవరికీ అంత అర్జెంటు విషయం కాదేమో అనిపిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా హిందువుల లెక్క. ముస్లిం కుటుంబాల్లో పరిస్థితి తల్లికి ఇంకా కష్టం. అక్కడ మైనర్ ఆస్తికి గార్డియన్ తండ్రి, ఆయన వీలునామాలో నియమించినవాళ్లు, తర్వాత తండ్రి తండ్రి. తల్లి ఆ వరసలోనే లేదు. కోర్టు ఆర్డర్ లేకుండా తల్లి మైనర్ స్థిరాస్తి అమ్మితే అది చెల్లదని 1918లో ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలంలో మనకి చివరి అప్పీలు కోర్టు, చెప్పింది, అదే ఇప్పటికీ నడుస్తోంది. క్రైస్తవ కుటుంబాలకి ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు, అంతా 1890 చట్టం కింద కోర్టు ద్వారానే. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో తండ్రి పోయి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఫ్లాట్‌లో పిల్లలకి వాటా వస్తే, స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి చట్టమే చూస్తారు. తల్లి అక్కడి నుంచి జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) పంపితే ఆమె వాటాకి సరిపోతుంది. పిల్లల వాటాకి ఆమె చేతిలో లేని అధికారాన్ని జీపీఏతో ఇంకొకరికి ఇవ్వడం కుదరదు.

పిల్లలకి 18 నిండిన రోజున ఏం జరుగుతుంది? కోర్టు గార్డియన్‌ని నియమిస్తే 21 దాకా ఆగాలన్న పాత నిబంధన ఉండేది, 1999 సవరణతో అది పోయింది, అందరికీ 18 ఏళ్లే. ఆ రోజుతో గార్డియన్ అధికారం ఆగిపోతుంది. ఆస్తి, కాగితాలు, లెక్కలు అప్పగించాలి. ఆ తర్వాత కౌలు వసూలు చేసినా, సంతకం పెట్టినా అది వాళ్ల తరఫున కాదు. అంతకుముందు కోర్టు అనుమతి లేకుండా తల్లో తండ్రో ఏదైనా అమ్మేసి ఉంటే, దాన్ని కాదనడానికి వాళ్లకి మూడేళ్ల గడువు మొదలవుతుంది, మామూలు లెక్కలో 21 నిండేదాకా. లిమిటేషన్ చట్టం 60వ ఆర్టికల్ అది. గడువు దాటితే ఎంత అన్యాయంగా అమ్మినా ఆ అమ్మకం నిలబడిపోతుంది. కేసు వేసి రద్దు చేయించుకోవడం ఒక్కటే మార్గమా అన్న దానిమీద చాలాకాలం వాదన నడిచింది. 2025 అక్టోబరులో కర్ణాటకలోని దావణగెరె ప్లాట్ల కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చింది. తండ్రి మైనర్ కొడుకుల పేరిట ఉన్న స్థలాల్ని కోర్టు అనుమతి లేకుండా అమ్మేశాడు, కొడుకులు పెద్దయ్యాక కేసు వేయలేదు, ఆ స్థలాన్ని తామే ఇంకొకరికి అమ్మేశారు. గడువులోపు అలా స్పష్టంగా ప్రవర్తించడం కూడా పాత అమ్మకాన్ని కాదన్నట్టే, ప్రత్యేకంగా దావా వేసి తీరాలని లేదు అంది కోర్టు. గార్డియనే కాని బాబాయి అమ్మిన చోట లెక్క వేరు, అది మొదటి నుంచీ చెల్లని అమ్మకం కాబట్టి ఈ మూడేళ్ల గడువు దానికి అడ్డు కాదు.

కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ తీర్పుతో భయం కొంచెం పెరిగింది. ఇదివరకు కోర్టు రికార్డు వెతికి, కేసేమీ లేదు కదా అని ధైర్యపడేవాళ్లు. ఇప్పుడు ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలో, రెండో వరస అమ్మకం ఏదైనా ఉందా అని కూడా చూడాలి, ఆ పిల్లలకి 21 ఎప్పుడు నిండిందో పుట్టిన తేదీతో సహా లెక్కేయాలి. పాత దస్తావేజులో ఎక్కువగా "మైనరు, వయస్సు సుమారు 9 సంవత్సరాలు" అని మాత్రమే ఉంటుంది. ఆ "సుమారు" తేలాలంటే ఆ పిల్లాడి పదో తరగతి సర్టిఫికెట్ సంపాదించాలి, లేదంటే ఇప్పుడు పెద్దవాడైన అతన్నే వెతికి పట్టుకుని, పాత అమ్మకానికి తనకి అభ్యంతరం లేదని ర్యాటిఫికేషన్ డీడ్ మీద సంతకం అడగాలి. అతనప్పుడు ఎంత అడుగుతాడన్నది ఆ స్థలం ఇప్పటి రేటుని బట్టి ఉంటుంది.